ఫిల్టర్ ఇయర్‌ప్లగ్స్: చెవులు మూసుకుని పాట వినడమేంటని నవ్వకండి

"డబ్బులు పోసి టికెట్ కొనుక్కుని, తీరా లోపలికెళ్ళాక చెవులు మూసుకుంటావా అక్కా?" అని మా తమ్ముడు పగలబడి నవ్వాడు. వాడు బేస్ గిటార్ వాయిస్తాడు, అందుకని శబ్దం విషయంలో వాడి మాటే ఆఖరి మాట అనుకుంటాడు. అప్పటికి నాకు జవాబు లేదు. ఇప్పుడు పాటని చెడగొట్టకుండా శబ్దాన్ని తగ్గించే ఈ చిన్న సిలికాన్ ముక్కలతో ఏడాదిన్నర గడిచింది. పదకొండు కచేరీలు, లెక్కపెట్టలేనన్ని రైలు ప్రయాణాలు, ఒకసారి డాక్టర్ దగ్గరికి పరుగు (అది తర్వాత చెప్తాను) అన్నీ అయ్యాయి కాబట్టి ఇక రాయొచ్చు అనిపించింది. కంపెనీ పేరు రాయడం లేదు. ఇలాంటివే ఇప్పుడు చాలామంది తయారుచేస్తున్నారు, నా కంప్లయింట్లు కూడా చాలావరకు ఈ రకం వస్తువుకి మొత్తంగా ఉన్నవే.

అసలు ఎందుకు కొన్నానో ముందు చెప్పాలి. ఎప్పటినుంచో వినాలనుకున్న కచేరీ, ముందు వరుస దొరికిందన్న సంబరంలో స్పీకర్ల గుట్టకి పది అడుగుల దూరంలో నిలబడ్డాను. రెండున్నర గంటలు ఒళ్ళు మరిచిపోయాను. బయటికొచ్చాక పక్కవాళ్ళ పెదాలు కదులుతున్నాయి గానీ మాట దుప్పటి కిందనుంచి వస్తున్నట్టుంది. ఇంటికొచ్చి లైటు తీసేసి పడుకుంటే ఎడమ చెవిలో సన్నగా, తెగకుండా 'కీ...' మని ఒక మోత. ఫ్యానేమో అనుకుని ఫ్యాన్ ఆపాను. ఫోన్ చార్జరేమో అనుకుని అదీ పీకేశాను. ఇంట్లో ఒక్కో స్విచ్చీ ఆపుకుంటూ పోయి, ఆపడానికి ఇంకేమీ మిగలనప్పుడు అర్థమైంది, మోత నా చెవిలోనే ఉందని. రెండో రోజు సాయంత్రానికి పోయిందనుకోండి. కానీ ఆ రెండు రోజులూ నాకు ప్రాణమైన పాట పెట్టుకుంటే వయొలిన్లు రేకు డబ్బా మీద మేకుతో గీకినట్టు వినిపించాయి. మోత కంటే అదే నన్ను ఎక్కువ భయపెట్టింది.

తర్వాత కూర్చుని చదివితే తెలిసిన సంగతి ఏంటంటే, లోపలి చెవిలో శబ్దాన్ని పట్టుకునే సన్నటి రోమకణాలు ఒక్కో చెవికి దాదాపు 15,000 ఉంటాయి, మనం పుట్టేటప్పుడు తెచ్చుకున్నవే చివరిదాకా. పెద్ద శబ్దానికి అవి అలసిపోతే ఒకటి రెండు రోజుల్లో తేరుకుంటాయి, చచ్చిపోతే మాత్రం మళ్ళీ మొలవవు. కోళ్ళకి మొలుస్తాయట, పక్షులన్నిటికీ అంతేనట. మనకే లేదు ఆ అదృష్టం. పోనీ ఇది వినేవాళ్ళ సమస్యేనా అంటే, వాయించేవాళ్ళకి ఇంకా ఎక్కువ. రాక్ గిటారిస్ట్ పీట్ టౌన్షెండ్ దశాబ్దాలుగా తన చెవుల్లో మోత గురించి బాహాటంగా చెప్తూనే ఉన్నాడు, కోల్డ్‌ప్లే బ్యాండ్‌లో పాడే క్రిస్ మార్టిన్ కూడా అదే బాధ చెప్పి స్టేజీ మీద ఇయర్‌ప్లగ్స్ వాడతాడు.

సరే, మొదట నేనూ అందరిలాగే మందుల షాపులో దొరికే ఫోమ్ ముక్కలు కొన్నాను. అదేనండీ, వేళ్ళ మధ్య నలిపి దూర్చితే లోపల ఉబ్బే పసుపుపచ్చ స్పాంజ్. వాటితో ఒక కచేరీకి వెళ్ళాను. చెవులు క్షేమం, పాట క్షవరం. గోడ అవతల పక్కింట్లో ఎవరో టీవీ పెడితే 'దబ్ దబ్' అన్న భాగం ఒక్కటే మన గదిలోకి వస్తుంది చూడండి, అచ్చం అలాగే ఉంది. గొంతు లేదు, డ్రమ్స్ తాళాలు (సింబల్స్) లేవు, బేస్ ఒక్కటే. మూడో పాటకి పీకి జేబులో వేసుకున్నాను. చెవులకి మంచిదని తెలిసినా చాలామంది వీటిని మళ్ళీ ముట్టుకోకపోవడానికి కారణం ఇదేనని నా అనుమానం.

ఎందుకలా అవుతుందో తెలిస్తే ఈ రెండో రకం వస్తువు ఎందుకు పుట్టిందో తెలుస్తుంది. స్పాంజ్ అన్ని శబ్దాల్నీ ఒకే లెక్కన తగ్గించదు, కీచు స్వరాల్ని ఎక్కువగా, గంభీర స్వరాల్ని కాస్త తక్కువగా తగ్గిస్తుంది. దానికి తోడు మన చెవి రంధ్రం కూడా ఒక చివర మూసిన చిన్న గొట్టమే, సుమారు రెండున్నర సెంటీమీటర్ల పొడవు. వేణువు తన పొడవుని బట్టి స్వరాన్ని పలికినట్టే ఈ గొట్టం 2,500 నుంచి 3,000 హెర్ట్జ్ ప్రాంతంలో శబ్దాన్ని తనంతట తాను పెంచుతుంది. పుట్టినప్పటినుంచి మనం ఆ పెంపుతోనే వింటున్నాం, పాటలో మాట తేటగా వినిపించడానికి ఆ ప్రాంతమే ఆధారం. గొట్టం నోట్లో బిరడా పెట్టేస్తే ఆ పెంపు పోతుంది, అందుకే పాట బురదలో పడుతుంది. ఈ పోయినదాన్ని మళ్ళీ తెచ్చిపెట్టేలా, అన్ని స్వరాలూ దాదాపు సమానంగా తగ్గేలా సన్నటి పొరా, చిన్న గాలి గదీ కలిపి చేసిన ఫిల్టర్‌తో 1988లో ఎటిమోటిక్ అనే అమెరికన్ కంపెనీ సంగీతకారుల కోసం ఇయర్‌ప్లగ్స్ తెచ్చింది. అవి ఒక్కొక్కరి చెవి అచ్చు తీసి చేయించుకునేవి. నేను వాడుతున్నవి అచ్చు అక్కర్లేని, రెడీమేడ్ రకం. ఆలోచన మాత్రం అదే: పాటలో ఏ ముక్కా కోసేయకుండా మొత్తం పాట వాల్యూమ్ తగ్గించడం.

డబ్బాలో ఏముంటాయంటే, రెండు ప్లగ్స్, చిన్నా మధ్యా పెద్దా అని మూడు సైజుల సిలికాన్ టిప్స్, మార్చుకోవడానికి మూడు రకాల ఫిల్టర్లు, తాళాల గుత్తికి తగిలించుకునే గొట్టం లాంటి చిన్న కేసు. టిప్ గొడుగు మీద గొడుగు పెట్టినట్టు మూడు అంతస్తులుగా ఉంటుంది. పీకడానికి చివర ఒక తోక. ఫిల్టర్ మాత్రం గింజంత ఉంటుంది, కింద పడితే వెతకడం దేవుడికే సాధ్యం. నేను మొదటి నెలలోనే ఒకటి పోగొట్టాను. విడిగా ఒక్క ఫిల్టర్ అమ్మరు. ఇది పద్ధతి కాదు.

పెట్టుకునే విధానం గురించి కాస్త ఎక్కువ రాస్తాను, ఎందుకంటే ఇవి పనిచేయలేదని చెప్పేవాళ్ళలో చాలామంది నా లెక్కలో సరిగ్గా పెట్టుకోనివాళ్ళే. నేనూ మొదటి రెండు కచేరీలకి అలాగే పెట్టుకున్నాను. వేలితో లోపలికి నొక్కితే చాలనుకున్నాను, సగం బయటే ఉండిపోయాయి. చెవి రంధ్రం సూటిగా ఉండదు, కాస్త వంకర. ఎడమ చేతిని తల మీదుగా పోనిచ్చి కుడి చెవి పైభాగాన్ని పైకీ వెనక్కీ లాగి పట్టుకుంటే ఆ వంకర తీరుతుంది, అప్పుడు కుడి చేత్తో ప్లగ్‌ని కొంచెం తిప్పుతూ లోపలికి పంపాలి. చూసేవాళ్ళకి యోగాసనంలా ఉంటుంది, పట్టించుకోకండి. సరిగ్గా కూర్చుందో లేదో తెలియాలంటే నోరు మూసుకుని 'మ్...' అని రాగం తీయండి. బిందెలో తల పెట్టి మాట్లాడినట్టు మీ గొంతు మీకే గుమ్మని వినిపిస్తే మూత పడినట్టు. ఒక చెవిలో గుమ్మని, రెండోదాంట్లో మామూలుగా ఉంటే ఆ రెండోది తీసి మళ్ళీ పెట్టాలి. ఇంకో పరీక్ష, పాట నడుస్తుండగా రెండు అరచేతులతో చెవుల్ని కప్పి చూడండి, శబ్దం బాగా తగ్గిందంటే ప్లగ్ తన పని చేయడం లేదనే.

ఇంకొకటి, ఎక్కడా రాయని సంగతి: రెండు చెవులూ ఒకే సైజు అయి ఉండాలని లేదు. నాకు కుడి చెవికి మధ్య సైజు, ఎడమ చెవికి చిన్నది. ఇది కనిపెట్టడానికి నాకు నాలుగు నెలలు పట్టింది, అప్పటిదాకా గంట తిరిగేసరికి ఎడమ చెవి నొప్పెట్టేది, నొప్పికి వస్తువుని తిట్టుకునేదాన్ని.

ఇప్పుడు అసలు సంగతి. కచేరీలో ఎలా ఉంటుంది?

మొదటి ఐదు నిమిషాలు బాగుండదు. ఉన్నది ఉన్నట్టు చెప్తున్నాను. స్టేజీకి నాకూ మధ్య ఎవరో అద్దం దించినట్టు అనిపిస్తుంది, జనం కేరింతలు దూరంగా జరిగిపోతాయి, "ఛ, అనవసరంగా పెట్టుకున్నాను" అనిపిస్తుంది. తీసేయాలని చెయ్యి వెళ్తుంది. తీయకండి. రెండో పాట అయ్యేసరికి మెదడు సర్దుకుంటుంది, మూడో పాటకి ప్లగ్స్ ఉన్నాయన్న సంగతే మర్చిపోతాను. అప్పుడు మొదలవుతుంది మజా. మామూలుగా అంత పెద్ద శబ్దంలో చెవి తట్టుకోలేక అన్నీ ఒకదాని మీద ఒకటి పడిపోతాయి. డ్రమ్స్, తాళాలు, గిటార్లు అన్నీ కలిసి ఒక గోడ అయిపోతుంది. ప్లగ్స్ పెట్టాక ఆ గోడకి ఇటుకలు కనబడ్డాయి. వెనక పాడే ముగ్గురిలో మధ్యనున్నావిడ మూడో స్థాయిలో సన్నగా ఒక గీత గీస్తూ పోతోంది, ఆ పాట రికార్డింగ్ నేను వందసార్లు విన్నాను గానీ ఆ గీత ఉందని ఆ రోజే తెలిసింది. చరణంలో మాటలు పలికేటప్పుడు పాడేవాడు 'స' దగ్గర మైకు కాస్త పక్కకి తిప్పుకోవడం కనిపించింది, దానికి తగ్గట్టు శబ్దం మారడం వినిపించింది కూడా.

బేస్ తగ్గిపోతుందేమోనని చాలామంది అడుగుతారు. మా తమ్ముడు అడిగిన మొదటి ప్రశ్న కూడా అదే, వాడి పని అదే కదా. తగ్గదు. చెవికి తగ్గేది తగ్గినా, గంభీర స్వరం పాదాల నుంచి, ఛాతీ నుంచి ఎక్కుతుంది, దానికి బిరడా లేదు. నిజానికి నాకు కొరత అనిపించింది పై స్వరాల్లోనే. డబ్బా మీద గీసిన గ్రాఫ్‌లో గీత చదునుగా ఉంటుంది గానీ నా చెవికి తాళాల మెరుపు కాస్త చల్లబడింది. శబ్దాన్ని ఎక్కువగా తగ్గించే మందపు ఫిల్టర్ వేస్తే ఇంకా ఎక్కువ చల్లబడుతుంది. అందుకే మూడింటిలో మధ్యదే వాడుతున్నాను, మందపుది ఒక్కసారి వాడి పక్కన పెట్టేశాను.

కానీ ఒక పెద్ద చిక్కు ఉంది, దీన్ని ఎవరూ ముందు చెప్పరు. పాటతో పాటు పాడలేరు. పాడతారు గానీ, పాడాలనిపించదు. చెవి మూసుంటే మన గొంతు ఎముకల ద్వారా లోపలికొచ్చి బయటికి పోయే దారి లేక అక్కడే గుండ్రంగా తిరుగుతుంది. స్టేజీ మీద పాడేవాడి గొంతు తగ్గి మన గొంతు పెరుగుతుంది. ఇన్నేళ్ళుగా నేను పల్లవులు అందుకుంటున్నాను, శ్రుతిలోనే ఉన్నానని నమ్మకంగా ఉన్నాను. ప్లగ్స్ పెట్టుకుని మొదటిసారి గట్టిగా అందుకున్నప్పుడు తెలిసింది నా శ్రుతి సంగతి. పై స్వరం దగ్గర నేను ప్రతిసారీ ఓ అర మెట్టు కిందే ఆగిపోతున్నాను. నా పక్కన ఇన్నేళ్ళూ నిలబడ్డవాళ్ళందరికీ ఈ సందర్భంగా క్షమాపణలు.

మాట్లాడటంలోనూ ఒక తమాషా ఉంది. అంత గోలలో పక్కవాళ్ళు చెవిలో అరిచే మాట ప్లగ్స్ ఉంటేనే బాగా అర్థమవుతుంది, నమ్మరు గానీ నిజం. కానీ మనం జవాబు చెప్తే వాళ్ళకి వినపడదు, ఎందుకంటే మన గొంతు మనకి గుమ్మని వినిపించేసరికి తెలియకుండానే మెల్లగా మాట్లాడేస్తాం. ఒక కచేరీలో పక్కనున్న పెద్దాయన నా చెవుల వైపు చూసి, "నచ్చకపోతే ఎందుకొచ్చారమ్మా?" అని అడిగాడు. నచ్చింది కాబట్టే పెట్టుకున్నానండీ అన్నాను. ఆయనకి వినబడలేదు. రెండోసారి చెప్పాను, అప్పుడూ వినబడలేదు. చివరికి కేసు చూపించి, చేత్తో వాల్యూమ్ బటన్ తిప్పినట్టు తిప్పి చూపించాను. బొటనవేలు ఎత్తాడు గానీ అర్థమైందో లేదో దేవుడికెరుక.

లెక్కల్లోకి కాస్త వెళ్తాను, ఎక్కువ కాదు. శబ్దాన్ని కొలిచే డెసిబెల్స్ అనేవి మామూలు కూడికల్లా నడవవు, 3 పెరిగితే శబ్దశక్తి రెట్టింపు అయినట్టు. అమెరికాలో పనిచేసేవాళ్ళ ఆరోగ్యం చూసే నియోష్ సంస్థ 85 డెసిబెల్స్‌లో రోజుకి 8 గంటలు హద్దు అంటుంది. అక్కడినుంచి ప్రతి 3 డెసిబెల్స్‌కీ టైమ్ సగమవుతుంది. 88కి నాలుగు గంటలు, 91కి రెండు, అలా దిగుకుంటూ 100 దగ్గరికొచ్చేసరికి మిగిలేది 15 నిమిషాలు. పదిహేను నిమిషాలంటే మూడు పాటలు. ఆ లెక్కన నేను ముందు వరుసలో నిలబడ్డ ఆ రాత్రి, మూడో పాటకే నా రోజు కోటా అయిపోయి ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో కచేరీ స్థలాల కోసం పెట్టిన ప్రమాణం కూడా 15 నిమిషాల సగటు 100 డెసిబెల్స్ దాటకూడదనే చెప్తుంది, శబ్దం తక్కువుండే విశ్రాంతి చోటు ఒకటి ఉండాలనీ, ఇయర్‌ప్లగ్స్ అందుబాటులో ఉంచాలనీ కూడా అందులో ఉంది. పదకొండు కచేరీల్లో నాకు అలాంటి విశ్రాంతి చోటు ఎక్కడా కనబడలేదు.

ప్లగ్ నిజంగా 15 డెసిబెల్స్ తగ్గిస్తే 100 కాస్తా 85 అవుతుంది, పావుగంట కోటా 8 గంటలవుతుంది. "నిజంగా తగ్గిస్తే" అన్నది చూసుకోండి. ప్లగ్ ఎన్ని డెసిబెల్స్ తగ్గిస్తుందో చెప్పడానికి డబ్బా మీద ఎన్‌ఆర్‌ఆర్ అనో ఎస్‌ఎన్‌ఆర్ అనో ఒక అంకె వేస్తారు, మొదటిది అమెరికా లెక్క, రెండోది యూరప్ లెక్క, ఒకే ప్లగ్‌కి ఈ రెండూ వేరువేరుగా ఉంటాయి. అది ల్యాబ్‌లో జాగ్రత్తగా పెట్టి కొలిచిన అంకె. చీకట్లో, చెమటలో, ఎవరో మోచేత్తో పొడుస్తుంటే మనం పెట్టుకున్నదానికి ఆ అంకె రాదు. అందుకే నేను కచేరీ స్థలం బయటే, కాస్త వెలుతురులో తీరిగ్గా పెట్టుకుని లోపలికెళ్తాను.

ఫోన్ యాప్‌తో కొలిచే సరదా నాకూ ఉంది. ఒక హాల్లో స్టేజీ ముందు 101 చూపించింది, వెనక మిక్సింగ్ డెస్క్ పక్కన 94. ఫోన్ మైకు పెద్ద శబ్దాల దగ్గర చేతులెత్తేస్తుంది కాబట్టి ఆ అంకెల్ని నెత్తిన పెట్టుకోను, కానీ తేడా మాత్రం చెవికీ తెలిసింది. ఆ రోజునుంచి నా చోటు మారింది. సౌండ్ ఇంజనీరు ఎక్కడ నిలబడి మీటలు జరుపుతాడో కచేరీ అక్కడే బాగుంటుంది, ఎందుకంటే ఆయన తన చెవికి బాగున్నట్టే సరిచేస్తాడు కదా! మరీ వెనక్కి వెళ్తే ఇంకో సంగతి, శబ్దం సెకనుకి 343 మీటర్లే పోతుంది, వంద మీటర్ల దూరంలో డ్రమ్మర్ పుల్ల పడ్డాక ఓ మూడో వంతు సెకను ఆగి దెబ్బ వినిపిస్తుంది. పెద్ద మైదానాల్లో మధ్యమధ్యలో ఇంకొన్ని స్పీకర్ స్తంభాలు పెట్టి, వాటి శబ్దాన్ని కావాలనే కాస్త ఆలస్యంగా వదులుతారు, స్టేజీ నుంచి వచ్చే శబ్దంతో అది కలిసేలా.

మైకు లేని చిన్న కచేరీకి మాత్రం దయచేసి ఇవి పెట్టుకెళ్ళకండి. ఒకసారి పొరపాటున అలవాటుగా పెట్టేసుకున్నాను. ముప్పై మంది కూర్చున్న గది, ఒకావిడ వేణువు వాయిస్తోంది. పావుగంట అయ్యాక ఏదో వెలితిగా ఉందనిపించి ఒకటి తీశాను. వాక్యానికీ వాక్యానికీ మధ్య ఆవిడ ఊపిరి తీసుకోవడం, వేళ్ళు రంధ్రాల మీద పడేటప్పుడు చిన్న 'టప్' శబ్దం, అన్నీ ఒక్కసారిగా వచ్చి పడ్డాయి. రెండోది కూడా గబుక్కున తీసేశాను.

గబుక్కున తీయడం గురించే డాక్టర్ కథ. సిలికాన్ టిప్‌ని వారానికోసారి తీసి గోరువెచ్చని సబ్బునీళ్ళలో కడుక్కోవాలి, ఫిల్టర్‌కి మాత్రం నీళ్ళు తగలకూడదు. ఒకసారి కడిగి ఆరబెట్టి, హడావిడిగా మళ్ళీ తొడిగాను, పూర్తిగా లోపలిదాకా నొక్కలేదు. ఆ రాత్రి కచేరీ అయ్యాక తోక పట్టుకుని లాగితే పుల్ల ఒక్కటే చేతికొచ్చింది, గొడుగు లోపలే ఉండిపోయింది. నొప్పేమీ లేదు, కానీ కాళ్ళు చల్లబడ్డాయి. అద్దం ముందు నిలబడి చూస్తే కనిపించదు. పిన్నీసు తెస్తానని మా తమ్ముడు బయలుదేరాడు, నేను తలుపుకి అడ్డం నిలబడ్డాను. పొద్దున్నే ఈఎన్‌టీ డాక్టర్ దగ్గరికి వెళ్తే ఆవిడ సన్నటి పట్టకారుతో పది సెకన్లలో తీసి ట్రేలో పడేసింది. "ఇంట్లో ఏమీ కెలకలేదు కదమ్మా? మంచి పని చేశావ్" అంది. తప్పు సగం నాదే, ఒప్పుకుంటాను. కానీ ఇంకాస్త గట్టిగా పట్టుకునేలా ఆ పుల్లకి చివర ఒక గట్టు పెట్టి ఉంటే ఇలా జరిగేది కాదు. అప్పటినుంచి పెట్టుకునే ముందు టిప్‌ని ఒకసారి లాగి చూస్తాను, తీసేటప్పుడు తిప్పుతూ మెల్లగా తీస్తాను. మెల్లగా తీయడానికి ఇంకో కారణం కూడా ఉంది, మూత బిగుసుకున్న చెవిలోంచి ఒక్కసారిగా లాగితే కర్ణభేరి మీద ఒత్తిడి పడుతుంది.

రోజువారీ వాడకానికి వస్తే, కొన్నది కచేరీలకైనా వాడింది ఎక్కువ బయటే. రైల్లో, సినిమా హాల్లో, పక్కింట్లో డ్రిల్లింగ్ జరుగుతుంటే, మా తమ్ముడు పక్క గదిలో ఒకే బేస్ లైన్ నలభైసార్లు వాయిస్తుంటే. (వాడి బేస్‌కి ఇవి అంతగా పనిచేయవు, పైన చెప్పాను కదా, నేల నుంచి ఎక్కుతుంది.) నిద్రకి పనికిరావు, ఒక పక్కకి ఒత్తిగిలితే తోక దిండుకి తగిలి గుచ్చుకుంటుంది, నిద్రకి ఆ పసుపు స్పాంజే మేలు. నడుస్తుంటే మన అడుగుల చప్పుడు మనకే ధన్ ధన్ అని లోపల వినిపిస్తుంది. చిన్నపిల్లల్ని కచేరీకి తీసుకెళ్ళేవాళ్ళు ఇవి కాకుండా చెవి మొత్తాన్ని కప్పే ఇయర్‌మఫ్స్ చూసుకోండి, పిల్లల చెవిలో ఇవి కుదురుగా నిలవవు.

నేను అస్సలు ఊహించని ఉపయోగం ఒకటుంది. పాట వినేటప్పుడు కాదు, వినడానికి ముందు పెట్టుకోవడం. ఆఫీసు నుంచి ఇంటికి గంట ప్రయాణం. ఇంతకుముందు ఆ గంటంతా హెడ్‌ఫోన్స్ పెట్టుకుని పాటలు వినేదాన్ని. రైలు మోత మీద పాట వినిపించాలంటే వాల్యూమ్ పెంచాలి, స్టేషన్‌లో ఎవరో అరిస్తే ఇంకో రెండు మెట్లు పెంచాలి, పెంచింది మళ్ళీ దించేది ఎవరు? నాయిస్ క్యాన్సిలింగ్ ఉన్నవి వాడినా ఇంజిన్ గుర్రు లాంటి ఒకే తీరు మోతని బాగా తీసేస్తాయి గానీ మాటల్ని, కేకల్ని అంతగా తీయలేవు. ఇప్పుడు ఆ గంటా పాటలు లేవు, ప్లగ్స్ పెట్టుకుని కిటికీలోంచి చూస్తూ కూర్చుంటాను. ఇంటికొచ్చి, ప్లగ్స్ తీసి, పది నిమిషాలు ఏమీ వినకుండా ఉండి, అప్పుడు పాట పెడతాను. ఇంతకుముందు వాల్యూమ్ 80 శాతం దగ్గర ఉంటే గానీ తృప్తి ఉండేది కాదు, ఇప్పుడు 45 దగ్గరే గదంతా నిండినట్టుంటుంది.

మొదట్లో తక్కువ వాల్యూమ్‌లో పాట చప్పగా ఉందనిపించింది, అది నా భ్రమ కాదు. శబ్దం తగ్గేకొద్దీ మన చెవి గంభీర స్వరాల్ని మిగతావాటికంటే ఎక్కువగా వదిలేస్తుంది, ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు 1933లోనే దీన్ని కొలిచి చూపించారు. వాల్యూమ్ పెంచగానే పాట "బాగుంది" అనిపించడంలో పెద్ద భాగం ఇదే. కాబట్టి వాల్యూమ్ ముట్టుకోకుండా స్వరాల్ని విడివిడిగా పెంచి తగ్గించే ఈక్వలైజర్‌లో బేస్ ఒక్కటి కాస్త ఎత్తాను, అంతే, సరిపోయింది. హెడ్‌ఫోన్స్‌తో వినేవాళ్ళకి ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే కొలత వారానికి 80 డెసిబెల్స్‌లో 40 గంటలు. ఇప్పటి ఫోన్లు కొన్ని ఈ వారం లెక్క చూపిస్తాయి, సెట్టింగ్స్‌లో వెతకండి. నాది ఒకప్పుడు వారం సగం తిరగకుండానే ఎర్రగా హెచ్చరించేది, నేను చూడకుండా పక్కకి తోసేసేదాన్ని.

ఇదంతా చదివి ఇవి కొంటే ప్రతి కచేరీ అమృతంలా ఉంటుందనుకునేరు. సౌండ్ చెడగొట్టిన కచేరీని ఇవి బాగుచేయలేవు. గొంతు మైకుకి ఈల పట్టుకున్న చోట, హాలు గోడలు శబ్దాన్ని బంతిలా విసిరే చోట, ప్లగ్ చేసేది ఆ చెడ్డ సౌండ్‌నే కాస్త తక్కువ శబ్దంతో వినిపించడం. ఒక రాత్రి అలాగే నాలుగో పాటకి లేచి వచ్చేశాను.

మొత్తానికి ఐదుకి నాలుగు స్టార్లు ఇస్తాను. ఒకటి ఫిల్టర్ విడిగా అమ్మనందుకూ, ఆ పుల్ల జారినందుకూ కలిపి తీసేశాను. కచేరీ తర్వాత చెవిలో ఆ 'కీ' మోత ఈ ఏడాదిన్నరలో మళ్ళీ రాలేదు, కొత్తలో సరిగ్గా పెట్టుకోని ఒక రాత్రి కాసేపు తప్ప.

ఇక పోయిన నెల సంగతి. మా తమ్ముడి బ్యాండ్ రిహార్సల్ చూడ్డానికి వెళ్ళాను, చిన్న గది, డ్రమ్స్ పక్కనే వీడు నిలబడతాడు. రెండు పాటలయ్యాక నా దగ్గరికొచ్చి, ఎవరూ చూడకుండా చెయ్యి చాపి, "అక్కా, అవి ఒకసారి ఇస్తావా, ఆ తాళాలతో చచ్చిపోతున్నా" అన్నాడు. ఇచ్చాను. తల మీదుగా చెయ్యి వేసి చెవి లాగి పెట్టుకోమని చెప్తే గదిలో అందరూ వాడి ఆసనం చూసి నవ్వారు. ఆ రోజునుంచి కేసు వాడి గిటార్ సంచికి వేలాడుతోంది, నేను ఇంకో జత ఆర్డర్ పెట్టాను. ఈసారి డబ్బా తెరవగానే ముందు ఎడమ చెవికి చిన్న టిప్ తొడిగి, పుల్ల చివరిదాకా నొక్కి, రెండుసార్లు లాగి చూశాను.